సూరి భగవంతం: స్ఫటికాల లెక్క తెలిసిన మాస్టారు



సూర్యాపేట నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద తూర్పుకు వెళ్తే కోదాడ, కోదాడ దాటితే నందిగామ, ఆ తర్వాత విజయవాడ. అక్కణ్ణించి నూజివీడు వైపు తిరిగితే ఆగిరిపల్లి వస్తుంది. శోభనాచలం కొండ మీద నరసింహస్వామి గుడి ఉన్న ఊరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. 1909 అక్టోబరు 14న ఆ ఊళ్లో పుట్టిన సూరి భగవంతం గారి గురించి ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

ఆగిరిపల్లి ఆయనకూ మన సూర్యాపేటకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వచ్చింది 2007లో. అంతకుముందు సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ పిల్లలు డిగ్రీ చదివితే ఆ పట్టా మీద ఉస్మానియా ముద్రే ఉండేది. ఆ ఉస్మానియాలో భౌతికశాస్త్రం ఉర్దూ పాఠం నుంచి ఇంగ్లీషు పాఠానికి మారుతున్న రోజుల్లో ఆచార్యుడిగా వచ్చి, మూడేళ్లు తిరగకుండానే వైస్ చాన్సలర్ అయి, అయిదేళ్లు ఆ పదవిలో ఉన్న మనిషి భగవంతం. మన జిల్లాలో బీయస్సీ చదివిన పెద్దవాళ్ల ప్రయోగశాల రికార్డు పుస్తకాలకు మూలం వెతుక్కుంటూ పోతే ఆయన దగ్గరికి చేరుకుంటాం.

ఆయన చదువు గుడివాడలో మొదలై హైదరాబాదు నిజాం కాలేజీకి వెళ్లింది. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో. అదే ఊళ్లో ఉన్న నిజాం కాలేజీ మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం, అక్కడ చదువు ఇంగ్లీషులో. అందుకే హైదరాబాదులో చదివిన భగవంతం గారి బీయస్సీ పట్టా మద్రాసుది. ఎమ్మెస్సీ కూడా మద్రాసుదే.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో, బౌబజారు వీధిలోని 210వ నంబరు భవనంలో, చంద్రశేఖర వెంకట రామన్ తన పేరు మోసే ఫలితాన్ని చూశారు. ఒకే రంగు కాంతిని ద్రవంలోకి పంపితే, చెదిరి బయటికి వచ్చే కాంతిలో అసలు రంగుతోపాటు కొద్దిగా మారిన రంగులు కూడా కనిపిస్తాయి. అణువులు తమ కంపనాల గుర్తును కాంతి మీద వేసి పంపుతాయన్నమాట. ఆ వార్త విని, పందొమ్మిదేళ్లయినా నిండీ నిండని భగవంతం అదే ఏడాది కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరిపోయారు. ఉద్యోగ భద్రత అడగకుండా ఒక కొత్త వెలుగు వెంట అంత దూరం వెళ్లిన కుర్రవాడి తెగువ నాకు చాలా ఇష్టం. రెండేళ్లకే రామన్‌కు నోబెల్ వచ్చింది. ఆ బహుమతి వచ్చిన ప్రయోగశాలలో, ఆ రోజుల్లో, చేతులకు పని ఉన్న యువకుల్లో ఒక తెలుగువాడు ఉన్నాడు.

అక్కడ ఆయన చేసిన పనుల్లో రెండు చెబుతాను. ఒకటి వజ్రం. 1930లో వజ్రం గుండా కాంతిని పంపి దాని రామన్ వర్ణపటాన్ని పరిశీలించినవారిలో భగవంతం ఒకరు. వజ్రం వర్ణపటంలో ఒకే ఒక్క పదునైన గీత వస్తుంది, సెంటీమీటరుకు 1332 తరంగాల మార్పు దగ్గర. ఆ ఒక్క గీత ఎందుకు, రెండెందుకు కావు, పదెందుకు కావు అన్నది తర్వాత చెప్పుకుందాం, అసలు కథ అక్కడే ఉంది. రెండోది, 1931లో రామన్, భగవంతం కలిసి చేసిన ప్రయోగం. కాంతి కణానికి, అంటే ఫోటాన్‌కు, తనదైన ఒక భ్రమణం ఉందని, దాని విలువ ఇంతని, చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి సాక్ష్యం చూపించారు. మరుసటి ఏడాది ఇంగ్లండు పత్రిక నేచర్‌లోనూ ఆ సంగతి ఇద్దరి పేర్లతో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు.

1932లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పిలిచింది. విశ్వవిద్యాలయానికే ఆరేళ్లు, భౌతికశాస్త్ర విభాగం అప్పుడే కళ్లు తెరుస్తోంది. వైస్ చాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. కలకత్తాలో నోబెల్ గ్రహీత నీడలో ఉండిపోయే అవకాశం ఉన్నా భగవంతం సముద్రపు ఒడ్డున కొత్తగా లేస్తున్న గోడల మధ్యకు వచ్చారు. 1938కి ఆచార్యులు, 1941కి కళాశాలల ప్రిన్సిపాల్. పదవులు ఇలా చకచకా చెప్పేసి ముందుకు పోతాను, ఎందుకంటే ఆ పదహారేళ్లలో ఆయన కాగితం మీద చేసిన పనే ఆయన అసలు సంపాదన.

ఆ పని ఏమిటో మన నేల మీద నిలబడే చెప్పుకోవచ్చు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు ఎందుకు వచ్చాయి? భూమిలో సున్నపురాయి ఉంది కనుక. ఫణిగిరి కొండ మీద దొరికిన బౌద్ధ శిల్పాలు చెక్కింది కూడా సున్నపురాయిలోనే. ఆ రాయిలో ప్రధానంగా ఉండే ఖనిజం పేరు కాల్సైట్. కాల్షియం, కార్బన్, ఆక్సిజన్ పరమాణువులు ఒక క్రమంలో కోట్లకు కోట్లు అమరి ఉంటాయి. ఆ పరమాణువులన్నీ నిలకడగా ఉండవు, అనుక్షణం కంపిస్తూ ఉంటాయి. వాటి కంపనాలు ఎన్ని రకాలు? వాటిలో రామన్ వర్ణపటంలో కనిపించేవి ఎన్ని? కోట్ల పరమాణువుల కంపనాలను ఎవరు లెక్కపెట్టగలరు?

భగవంతం గారు, ఆయన సహచరుడు టి. వెంకటరాయుడు, ఈ ఇద్దరూ కలిసి దారి చూపించారు. స్ఫటికమంతా ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ పేర్చగా వచ్చింది. ఆ చిన్న ముక్కను యూనిట్ సెల్ అంటాం. కాల్సైట్‌లో అతి చిన్న సెల్‌లో పది పరమాణువులుంటాయి. ఒక్కో పరమాణువు మూడు దిక్కులకు కదలగలదు కాబట్టి మొత్తం ముప్పై కదలికలు. స్ఫటికం మొత్తంగా జరిగిపోయే మూడింటిని తీసేస్తే ఇరవై ఏడు కంపనాలు. ఇప్పుడు ఆ సెల్ సౌష్ఠవాన్ని చూడాలి. దాన్ని ఎంత తిప్పితే మళ్లీ మొదట ఉన్నట్టే కనిపిస్తుంది, ఏ అద్దంలో చూస్తే తేడా తెలియదు అన్న ప్రశ్నలు వేసుకుని, గణితంలో సమూహ సిద్ధాంతం అనే శాఖను వాడితే, రామన్ వర్ణపటంలో కాల్సైట్ ఇచ్చే గీతలు ఐదు అని తేలుతుంది. ప్రయోగశాలలోకి అడుగు పెట్టకుండానే, దీపం వెలిగించకుండానే ఐదు అని చెప్పవచ్చు. ప్రయోగం చేసి చూస్తే ఐదే. వజ్రం సెల్‌లో రెండే పరమాణువులు, ఆరు కదలికలు, మూడు తీసేస్తే మిగిలిన మూడూ ఒకే పౌనఃపున్యంతో కంపిస్తాయి. అందుకే ఒక్క గీత. కలకత్తాలో కంటితో చూసిన గీతకు కారణం వాల్తేరులో దొరికింది.

సమూహ సిద్ధాంతాన్ని అణువులకు వాడటం యూరపులో అప్పటికే మొదలైంది. విగ్నర్, ప్లాచెక్ వంటివారు ఆ దారి వేశారు. స్ఫటికాలకు, అదీ మామూలు ప్రయోగ శాస్త్రజ్ఞుడు కూర్చుని పట్టిక వేసుకుని చేసుకోగలిగే పద్ధతిగా, 1939లో ప్రకటించినవాళ్లు భగవంతం, వెంకటరాయుడు. ఇప్పటికీ ప్రపంచంలో ఏ మూల స్ఫటికాల రామన్ వర్ణపటం మీద పనిచేసేవాళ్లయినా ఈ ఇద్దరి పేర్లూ ఎరుగుదురు. 1940లో కాంతి పరిక్షేపణం మీద, రామన్ ఫలితం మీద ఆయన రాసిన పుస్తకం, 1948లో ఇద్దరూ కలిసి రాసిన సమూహ సిద్ధాంతం పుస్తకం, రెండూ వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించినవే. లండనులోనో న్యూయార్కులోనో అచ్చయితే తప్ప సైన్సు పుస్తకం కాదనుకునే రోజుల్లో, తెలుగు నేల మీద అచ్చయిన పుస్తకాలను విదేశాలవాళ్లు తెప్పించుకుని చదివారు. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కొంత గర్వం వినిపిస్తే మన్నించనక్కర్లేదు, అది ఉండాల్సిందే.

ఇంకొక పని ఉంది. నా మటుకు నాకు ఇది ఆయన మొత్తం జీవితంలో ఎక్కువ అందమైనది. పారదర్శకంగా ఉన్న స్ఫటికాన్ని ఒక పక్క నుంచి నొక్కితే, దానిలో నుంచి వెళ్లే కాంతి నడక మారుతుంది. ఆ మార్పును వర్ణించడానికి కొన్ని స్థిరాంకాలు కావాలి. ఏ రకం స్ఫటికానికి ఎన్ని కావాలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీకి చెందిన పోకెల్స్ అనే మహాపండితుడు లెక్కకట్టి పెట్టాడు. ఘనాకార వ్యవస్థకు చెందిన స్ఫటికాలన్నిటికీ మూడు చాలునన్నాడు. యాభై ఏళ్లపాటు లోకమంతా అదే చదివింది, అదే చెప్పింది. 1942లో భగవంతం గారు తన సమూహ సిద్ధాంతపు లెక్కతో సరిచూస్తే, ఘన వ్యవస్థలోని ఐదు తరగతుల్లో రెండింటికి మూడు చాలవు, నాలుగు కావాలని తేలింది.

ఎందుకు నాలుగు? పైరైట్ అనే ఖనిజం ఉంది, బంగారంలా మెరిసి జనాన్ని మోసం చేసేది. దాని ముక్క చక్కగా ఆరు ముఖాల ఘనంలా ఉంటుంది. కానీ దగ్గరగా చూస్తే ప్రతి ముఖం మీదా సన్నని గీతలు, ఒకే దిక్కుకు గీసినట్టు ఉంటాయి. పై ముఖాన్ని చూస్తూ ఆ ఘనాన్ని పావు చుట్టు తిప్పండి. పెట్టె ఆకారం మారలేదు, కానీ గీతల దిక్కు మారిపోయింది. అర చుట్టు తిప్పితేనే మళ్లీ మొదటిలా కనిపిస్తుంది. అంటే బయటికి పూర్తి ఘనంలా ఉన్నా లోపలి అమరికకు అంత సౌష్ఠవం లేదు. సౌష్ఠవం తగ్గితే స్థిరాంకాలు పెరుగుతాయి. మన ఇళ్లలో నీళ్లు తేర్చడానికి వాడిన పటిక కూడా లోపల ఈ కోవకు చెందినదే. తర్వాత పటిక స్ఫటికాల మీద ప్రయోగాలు చేసి, డి. సూర్యనారాయణ గారితో కలిసి, నాలుగో స్థిరాంకం నిజంగానే ఉందని చూపించారు.

ఆ 1942 ఎలాంటి ఏడాదో గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం సామాన్లు సర్దుకుని గుంటూరుకు తరలింది. అటువంటి ఏడాదిలో, ఊరు ఖాళీ అవుతున్న రోజుల్లో, కళాశాలల ప్రిన్సిపాల్ బాధ్యత భుజాన ఉన్న మనిషి, యూరపు పాఠ్యపుస్తకాల్లో యాభై ఏళ్లుగా ఉన్న లెక్కను సరిదిద్దుతూ వ్యాసం రాశారు. పరిస్థితులు అనుకూలించలేదని చెప్పి పని వాయిదా వేసుకునే మనలాంటివాళ్లం దీన్ని తలచుకోవాలి.

ఆయన కాగితం మనిషి మాత్రమే అనుకోకండి. గట్టి పదార్థాన్ని ఎంత నొక్కితే ఎంత వంగుతుందో తెలుసుకోవడానికి, మన చెవికి వినిపించని అతిధ్వని తరంగాలను వాడే ఒక పద్ధతిని జె. భీమసేనాచార్‌తో కలిసి తయారుచేశారు. ఒక కొస పలచగా, ఒక కొస మందంగా చెక్కిన క్వార్ట్జ్ ముక్కకు విద్యుత్తు ఇస్తే అది ఒక్కో చోట ఒక్కో పౌనఃపున్యంతో కంపిస్తుంది. ఒకే ముక్కతో ఎన్నో తరంగాలు. ఖరీదైన పరికరాలు లేని చోట పుట్టిన తెలివి అది. దానితో వజ్రం స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచి 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. పదేళ్ల తర్వాత అమెరికాలో మరింత మెరుగైన పరికరాలతో కొలిచినప్పుడు ఆ అంకెలు మారాయి. కొలతల శాస్త్రంలో అది సహజం. ఎవరో ఒకరు ముందుగా కొలిచి పెట్టకపోతే తర్వాతివాళ్లకు సరిదిద్దడానికి ఏమీ ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో లండనులో భారత హైకమిషన్‌లో శాస్త్ర వ్యవహారాల అధికారిగా కొద్దికాలం ఉండి, 1949లో హైదరాబాదు వచ్చారు. అప్పటి ఉస్మానియా పరిస్థితి ఊహించండి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ముప్పై ఏళ్లుగా ఉర్దూలో తర్జుమా చేసుకున్న పాఠ్యపుస్తకాలతో నడిచిన విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మారాలి. పాఠం చెప్పేవారికీ కొత్తే, వినేవారికీ కొత్తే. నల్లగొండ జిల్లా సాయుధ పోరాటం నుంచి ఇంకా తేరుకోలేదు. ఇటువైపు పల్లెల్లో బడి అంటే ఏమిటో తెలియని ఇళ్ల నుంచి మొదటి తరం పిల్లలు చదువుకు బయలుదేరుతున్న కాలం. ఆ విశ్వవిద్యాలయానికి 1952లో వైస్ చాన్సలర్ అయ్యారు. అప్పుడు ఆయనకు నలభై మూడేళ్లు. 1957 దాకా ఉన్నారు.

ఆయన నాటిన పనులు ఆయన వెళ్లాక కూడా సాగాయా అన్నది నేను చూసే కొలమానం. సాగాయి. ఒత్తిడి వల్ల స్ఫటికాల్లో కాంతి ఎలా మారుతుందన్న ఆ విషయాన్నే జీవితమంతా పట్టుకున్న ఉస్మానియా ఆచార్యుడు టి.ఎస్. నరసింహమూర్తి 1981లో దాని మీద పెద్ద గ్రంథం రాశారు. ప్రపంచంలో ఆ రంగంవాళ్లు తిరగేసే పుస్తకం అది. అందులో పోకెల్స్ లెక్క, భగవంతం దిద్దుబాటు రెండూ ఉన్నాయి. గురువు వాల్తేరులో వేసిన ప్రశ్న హైదరాబాదులో నలభై ఏళ్లు బతికింది.

1957లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. విచిత్రమేమంటే ఆ సంస్థా, ఆయనా ఒకే ఏడాది పుట్టారు, 1909లో. రామన్ ఒకప్పుడు కూర్చున్న కుర్చీ అది. ఆయన హయాంలోనే 1958లో ఆ సంస్థకు విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా వచ్చింది. ఆయన తర్వాత వచ్చినవారు సతీశ్ ధావన్.

1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు, రక్షణ పరిశోధన సంస్థకు అధిపతి. దౌలత్‌సింగ్ కొఠారీ తర్వాత ఆ స్థానంలోకి వచ్చారు. మరుసటి ఏడాదే చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో. మన సైన్యానికి రేడియో పరికరాల నుంచి లోహాల దాకా ఎన్ని కొరతలున్నాయో ఆ యుద్ధాలు దేశానికి చూపించాయి. హైదరాబాదులో క్షిపణుల ప్రయోగశాల, ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల, లోహశాస్త్ర ప్రయోగశాల వేళ్లూనుకున్నది ఆ దశకంలోనే. ఈనాడు మన సూర్యాపేట ఇంజనీరింగు పిల్లలు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పుకుంటున్నారంటే ఆ పునాదులు అప్పుడు పడ్డవి. 1963లో దేశానికి ఎలక్ట్రానిక్స్ దారి చూపడానికి హోమీ భాభా అధ్యక్షతన నలుగురితో సంఘం వేశారు. భాభా, విక్రమ్ సారాభాయ్, మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లు: భగవంతం, అయ్యగారి సాంబశివరావు. ఆ సాంబశివరావు గారే తర్వాత హైదరాబాదులో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు.

ఢిల్లీలో ఫైళ్ల మధ్య కూర్చున్న ఎనిమిదేళ్లలో ఆయన స్ఫటికాలను వదిలారా? లేదు. 1964లో పి.వి. పంతులు గారితో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద వ్యాసం రాశారు. మామూలు స్ఫటికంలో పరమాణువుల స్థానాలే చూస్తాం, అయస్కాంత స్ఫటికంలో ఒక్కో పరమాణువు అయస్కాంత దిక్కు కూడా చూడాలి, అప్పుడు సౌష్ఠవపు లెక్క ఇంకా లోతవుతుంది. 1966లో స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాల మీద పుస్తకం లండనులో అచ్చయింది. ఒకవైపు సరిహద్దుల్లో యుద్ధం, మరోవైపు మంత్రికి సలహాలు, రాత్రిపూట స్ఫటికాలు. పెద్ద పదవి వచ్చాక పరిశోధన మానేయడం మామూలైపోయిన మన దేశంలో ఇది అరుదైన ఉదాహరణ అని నా అభిప్రాయం.

1969లో పదవీ విరమణ చేశారు. తర్వాతి ఏళ్లలో పుట్టపర్తి సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను వేదిక మీద అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పే మనిషిగా ఎక్కువమందికి తెలిశారు. 1989లో కన్నుమూశారు.

ఆయన లెక్క మాత్రం ఎక్కడెక్కడికో వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కుజగ్రహం మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌లో రామన్ వర్ణపటం తీసే పరికరాలున్నాయి. అక్కడి రాళ్లలో కాల్సైట్ బంధువులైన కార్బనేట్లు ఉన్నాయా అని వెతకడం దాని పనుల్లో ఒకటి. మందుల కంపెనీల్లో మాత్రలో ఏ స్ఫటిక రూపం ఉందో తేల్చేది కూడా రామన్ యంత్రమే. గీత ఎక్కడ వస్తుందో యంత్రం చూపిస్తుంది, ఎన్ని రావాలో చెప్పేది సౌష్ఠవం.

ఫిజిక్స్ మాస్టార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం చేస్తాం, రామన్ ఫోటోకు దండ వేస్తాం. ఈసారి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో ఒక గ్లాసు వేడి నీళ్లలో పటిక కరిగించి, దారం వేలాడదీసి, నాలుగు రోజులు కదపకుండా ఉంచి స్ఫటికాన్ని పెంచండి. పిల్లల చేతికిచ్చి అన్ని వైపులా తిప్పమనండి. ఎంత తిప్పితే మళ్లీ మొదటిలా ఉందో రాసుకోమనండి. పెరగని గ్లాసులు కూడా ఉంటాయి, ఎందుకు పెరగలేదో కూడా రాసుకోమనండి. ర్యాంకు కోసం ఫిజిక్స్ చదివే పిల్లలకు ఒక పూట ర్యాంకు లేని ఫిజిక్స్ దొరకాలి.

ఇంకొక విన్నపం పెద్దవాళ్లకు. 1950లలో ఉస్మానియాలో బీయస్సీ, ఎమ్మెస్సీ చదివినవాళ్లకు ఈనాడు తొంభై ఏళ్ల వయసు ఉంటుంది. మన జిల్లాలో ఎక్కడో ఒక ఇంట్లో, అటక మీద, ఆనాటి ప్రయోగశాల రికార్డు, తరగతి నోటు పుస్తకం ఉండి ఉండవచ్చు. చెదలు పట్టకముందే దించండి. అందులో ఏముందో ఆ పెద్దాయననో, ఆ పెద్దమ్మనో అడిగి, వాళ్లు చెప్పే మాటలు మీ ఫోనులో రికార్డు చేసి పెట్టండి. ఏ మాస్టారు ఏ పాఠం చెప్పారో, ఉర్దూ మాటలూ ఇంగ్లీషు మాటలూ కలిపి ఎలా చెప్పారో, వైస్ చాన్సలర్ భగవంతం గారిని ఎక్కడ చూశారో, అన్నీ అడగండి. నోటు పుస్తకం దొరికితే నల్లగొండ విశ్వవిద్యాలయం గ్రంథాలయానికో, దగ్గరి డిగ్రీ కాలేజీకో ఇచ్చి, ఎవరిదో, ఏ ఏడాదిదో అట్ట మీద రాయించండి.